కాంపోనెంట్లు అమ్మే పెద్ద సైట్ మీద నా రివ్యూ: సరుకు బాగుంది, చిప్ ఎక్కడిదో చెప్పడమే బాగోలేదు

ఎలక్ట్రానిక్ కాంపోనెంట్లు అమ్మే ఒక పెద్ద ఆన్‌లైన్ డిస్ట్రిబ్యూటర్ గురించి ఈ రివ్యూ. కొన్నేళ్లుగా మా బోర్డులకు కావాల్సిన సరుకంతా దాదాపు వీళ్ల దగ్గరే కొంటున్నాం. లోహంలో పగుళ్లు పట్టే అల్ట్రాసోనిక్ టెస్టర్లు, మోటార్ల వైబ్రేషన్ చూసే చిన్న బోర్డులు మా పని. నెలకు లక్షల చిప్పులు కొనే కంపెనీ కాదు మాది, తయారీదారు నేరుగా మాతో మాట్లాడేంత వాల్యూమ్ లేదు, అందుకే రెసిస్టర్ నుంచి ప్రాసెసర్ దాకా ఇలాంటి సైటే దిక్కు. పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే ఇబ్బంది వీళ్లొక్కరిదే కాదు, నేను వాడిన మిగతా సైట్లలోనూ కాస్త అటూ ఇటూగా ఇదే ఉంది, ఒకరి పేరు పెట్టి మిగతావాళ్లను వదిలేస్తే న్యాయం కాదు.

ముందు బాగున్నవి త్వరగా చెప్పేస్తాను. సెర్చ్ చాలా బాగుంటుంది. వోల్టేజ్, ప్యాకేజ్, టెంపరేచర్ రేంజ్ అంటూ ఒక్కో ఫిల్టర్ పెట్టుకుంటూ పోతే వేల పార్టుల్లోంచి పది పదిహేనుకు దిగొచ్చేస్తాం. డేటాషీట్ లింకులు పనిచేస్తాయి, స్టాక్ అంకె నమ్మొచ్చు, మొత్తం రీల్ (పార్టులు వరుసగా అతికించిన టేపు చుట్ట) అక్కర్లేదు కొన్ని ముక్కలు చాలంటే టేప్ కత్తిరించి ఇస్తారు. ప్యాకింగ్‌కి వంక పెట్టలేం: యాంటీస్టాటిక్ కవర్, లోపల తేమ చూపించే కార్డు, సిలికా జెల్, బయట పార్ట్ నంబర్, డేట్ కోడ్, లాట్ నంబర్ ఉన్న లేబుల్. నకిలీ సరుకు ఇంతవరకూ ఒక్కసారి కూడా రాలేదు.

ఒకప్పుడు ఇలాంటి సైట్‌ని ఎంచుకోవడానికి ఇంతకుమించి అక్కర్లేదు. ఇప్పుడు ఒక పార్ట్ మా బోర్డు మీదికి రావాలంటే దాని వోల్టేజ్, వేగం కుదిరితే చాలదు. వేఫర్ (సర్క్యూట్లు తయారయ్యే సిలికాన్ పళ్లెం) ఏ దేశంలో తయారైంది, ప్యాకేజింగ్ (ఆ చిప్‌ని నల్లటి ప్యాకేజీలో పెట్టి కాళ్లు తగిలించే పని) ఎక్కడ జరిగింది, ఆ కంపెనీ యజమాని ఎవరు, మేం ఎవరం, మా పరికరం చివరికి ఎవరి చేతికి వెళ్తుంది, వీటిలో ఏ ఒక్కటి తేడా వచ్చినా ఆర్డర్ ఆగిపోతుంది. చిప్పుల విషయంలో ప్రభుత్వాలు ఈ కొన్నేళ్లలో తీసుకున్న నిర్ణయాలన్నీ మాలాంటి కొనుగోలుదారుకు కనిపించేది ఈ సైట్లోని పార్ట్ పేజీలోనే. ఆ పేజీ ఈ సంగతులు డబ్బు కట్టకముందే చెప్తోందా లేదా అన్నదాని మీదే నా మార్కులు.

గొడవ ఏడీసీ దగ్గర మొదలైంది. అల్ట్రాసోనిక్ టెస్టర్‌లో ప్రోబ్ నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనిని అంకెల్లోకి మార్చేది ఏడీసీయే. ఎంత చిన్న పగులు దొరుకుతుంది, అది ఎంత లోతులో ఉందో ఎంత కచ్చితంగా చెప్పగలం అన్నది చాలావరకు దాని చేతిలోనే ఉంటుంది, కాబట్టి కొత్త మోడల్‌కి 16 బిట్ల, 125 ఎంఎస్‌పీఎస్ (సెకనుకు 12.5 కోట్ల శాంపిళ్లు తీసే) పార్ట్ ఒకటి ఎంచుకున్నాం. పేజీలో పచ్చ రంగులో స్టాక్‌లో ఉందని ఉంది, ఈరోజే పంపిస్తామని కూడా ఉంది. కార్టులో వేశాం, డబ్బు కట్టాం, కన్ఫర్మేషన్ మెయిల్ వచ్చింది. మర్నాటికి ఆర్డర్ హోల్డ్‌లోకి వెళ్లిపోయింది. కారణం రాయలేదు. చాట్‌లో అడిగితే కంప్లయన్స్ టీమ్ (అమ్మకం నియమాలకు లోబడి ఉందా అని చూసేవాళ్లు) చూస్తోంది, మెయిల్ వస్తుంది అన్నారు. ఆ మెయిల్ రావడానికే వారం దాటింది, వచ్చాక చూస్తే జతగా ఒక ఫారం.

ఫారంలో అడిగినవి: ఈ చిప్‌ని ఏ ఉత్పత్తిలో వాడతారు, ఆ ఉత్పత్తి ఏం చేస్తుంది, చివరి వాడకందారు ఎవరు, ఏ చిరునామాలో వాడతారు, ఇంకో దేశానికి తిరిగి ఎగుమతి చేస్తారా, మిలటరీ పనికి గానీ అణు పనికి గానీ క్షిపణులకు గానీ వాడే అవకాశం ఉందా. కింద సంతకం, స్టాంపు, హోదా. మేం ఇంకా ప్రోటోటైప్ దశలోనే ఉన్నాం, చివరి వాడకందారు ఎవరో మాకే తెలియదు. తెలియదని రాస్తే ఫారం వెనక్కి పంపారు. ప్రస్తుతానికి మా ల్యాబ్‌లోనే వాడతాం, బయటికి అమ్మేటప్పుడు విడిగా తెలియజేస్తాం అని రాసి పంపితే అప్పుడు కదిలింది. ఇలా రాస్తే చెల్లుతుందని ముందే ఒక్క లైన్ చెప్పి ఉంటే చాలా టెన్షన్ తప్పేది. బోర్డు లేఔట్ అయిపోయింది, పీసీబీలు (చిప్పులు అతికించని ఖాళీ బోర్డులు) వచ్చేశాయి, అసెంబ్లీకి స్లాట్ బుక్ అయింది, ఆ ఒక్క చిప్ కోసం అన్నీ ఆగాయి.

ఆ ఏడీసీకి ఫారం ఎందుకు వచ్చిందో నియమాలు చదివితే అర్థమవుతుంది. అమెరికా ఎగుమతి నియమాల్లో ప్రతి వస్తువుకూ ఒక వర్గీకరణ నంబర్ ఉంటుంది, దాన్నే ఈసీసీఎన్ అంటారు. మామూలు సరుకు ఎక్కువగా ఈఏఆర్99 కింద, లేదా మైక్రోకంట్రోలర్ల (పరికరాన్ని నడిపే చిన్న కంప్యూటర్ చిప్పుల) లాంటివైతే 3ఏ991 కింద ఉంటుంది, వాటికి పెద్దగా అడ్డు ఉండదు. ఏఐకి వాడే భారీ చిప్పులకు 2022 అక్టోబర్ 7న తెచ్చిన నంబర్ 3ఏ090, వార్తల్లో వినేదంతా దాని గురించే. మా ఏడీసీ పడింది వాటికన్నా పాతదైన 3ఏ001లో. 16 బిట్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండి సెకనుకు 6.5 కోట్ల శాంపిళ్లు దాటితే ఆ ఏడీసీ నియంత్రణలోకి వస్తుంది, ఎందుకంటే రాడార్ రిసీవర్‌కి కావాల్సిందీ అదే లక్షణం. రాడార్‌కి, లోహంలో పగులు వెతికే పరికరానికి చిప్ దృష్టిలో తేడా లేదు, రెండూ ప్రతిధ్వనినే చదువుతాయి. కాబట్టి ఆ ప్రశ్నలు అడగడం తప్పని నేను అనను. అడగాల్సిందే.

నా అభ్యంతరం అడిగిన సమయం మీద. ఈసీసీఎన్ ఆ పార్ట్ పేజీలోనే ఉంది, కిందికి వెళ్తే పర్యావరణ వివరాల పక్కన చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. మా డెలివరీ చిరునామా వాళ్ల దగ్గర ముందే ఉంది. ఈ రెండూ కలిపి చూస్తే ఈ పార్ట్‌కి ఫారం కావాలని కార్టులో వేసినప్పుడే చెప్పేయొచ్చు, మనిషి కూర్చుని చూడాల్సిన పని కూడా కాదు. అలా కాకుండా స్టాక్ ఉంది, ఈరోజే పంపిస్తాం అని రాసి, డబ్బు తీసుకుని, ఆ తర్వాత ఆపడమంటే బస్సు సగం దూరం వెళ్లాక టికెట్ చెల్లదని దింపేసినట్టే.

వాళ్ల భయం నాకు అర్థం కాక కాదు. 2023 ఏప్రిల్‌లో హార్డ్ డిస్కుల కంపెనీ సీగేట్ మీద, చైనా కంపెనీ హువావేకి నియమాలకు విరుద్ధంగా డిస్కులు అమ్మినందుకు 30 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అలాంటి దెబ్బ చూశాక ఏ కంపెనీ కంప్లయన్స్ డిపార్ట్‌మెంట్ అయినా అనుమానం ఉంటే ఆపేయడానికే మొగ్గుతుంది, ఆపినందుకు ఎవరూ జరిమానా వేయరు కదా. ఆ జాగ్రత్త ఖర్చంతా చివరికి పడేది చిన్న కొనుగోలుదారు మీదే. పెద్ద కంపెనీలకు ఈ ఫారాలు నింపడానికే మనుషులు ఉంటారు, మాకు బోర్డు డిజైన్ చేసేవాళ్లే ఫారమూ నింపాలి.

ఇంకోటి, ఖరీదైన ఏడీసీల దగ్గరే ఇది ఆగడం లేదు. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా, యూరోపియన్ యూనియన్, జపాన్, బ్రిటన్ కలిసి రష్యాకు వెళ్లకూడని వస్తువుల జాబితా ఒకటి పెట్టుకున్నాయి. అందులో 50 హెచ్‌ఎస్ కోడ్లు (కస్టమ్స్‌లో వస్తువుల రకాలకు ఇచ్చే నంబర్లు) ఉన్నాయి, అన్నిటికన్నా పై వరుసలో ఉన్నవి నాలుగే: 8542.31, 8542.32, 8542.33, 8542.39. అంటే ప్రాసెసర్లు, మెమరీలు, యాంప్లిఫయర్లు, మిగిలిన ఐసీలు. బొమ్మ కారులో వాడే మైక్రోకంట్రోలర్ కూడా ఆ మొదటి కోడ్ కిందికే వస్తుంది. కూల్చిన డ్రోన్లు, క్షిపణుల్లో దొరికినవి చాలావరకు ఇలాంటి మామూలు పార్టులే కాబట్టి జాబితా అలా తయారైంది. యూరప్ కంపెనీలు కొన్ని సున్నితమైన వస్తువులు బయట దేశాలకు అమ్మేటప్పుడు రష్యాకు తిరిగి ఎగుమతి చేయబోమన్న షరతు కాంట్రాక్టులో పెట్టాలన్న నియమం 2024 మార్చి 20 నుంచి అమల్లో ఉంది. ఈ సైట్లో చెక్‌అవుట్ దగ్గర టిక్ పెట్టించుకునే నిబంధనల్లో ఇలాంటి లైన్ ఉంది. చదవకుండా టిక్ కొట్టేయకండి, అది మీరు ఒప్పుకుంటున్న బాధ్యత, రేపు మీ పరికరాన్ని మీ డీలర్ ఎక్కడికి పంపినా అడిగేది మిమ్మల్నే.

ఇక నాకు అన్నిటికన్నా కష్టంగా అనిపించిన విషయం, కంట్రీ ఆఫ్ ఆరిజిన్. పేజీలో దీనికి ఒకటే గడి, ఒకటే దేశం పేరు. కొన్ని పార్టులకు అదీ ఉండదు, రవాణా సమయంలో తెలుస్తుందని రాస్తారు. చిప్‌కి ఒకే పుట్టినూరు ఉండదు. ఒక చోట సిలికాన్ వేఫర్ మీద సర్క్యూట్ తయారవుతుంది, తర్వాత దాన్ని ఇంకో దేశానికి పంపి ముక్కలు కోసి, నల్లటి ప్యాకేజీలో పెట్టి, కాళ్లు తగిలించి, టెస్ట్ చేస్తారు. పేజీలోని ఆ ఒక్క గడి ఈ రెండింటిలో దేని గురించి చెప్తోందో రాసి ఉండదు.

టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ రీల్ ఎప్పుడైనా చేతికొస్తే దాని లేబుల్ జాగ్రత్తగా చూడండి. బార్‌కోడ్ల కింద చిన్న అక్షరాల్లో 20ఎల్, 21ఎల్, 22ఎల్, 23ఎల్ అని నాలుగు గడులుంటాయి. మొదటి రెండూ చిప్ తయారైన ఫ్యాబ్ (వేఫర్లు చేసే ఫ్యాక్టరీ), అది ఉన్న దేశం. తర్వాతి రెండూ అసెంబ్లీ జరిగిన ప్లాంటు, అది ఉన్న దేశం. నా టేబుల్ మీదున్న రీల్ మీద 21ఎల్ ఎదురుగా యూఎస్ఏ, 23ఎల్ ఎదురుగా ఎంవైఎస్, అంటే మలేషియా. సైట్ పేజీలో అదే పార్ట్‌కి మలేషియా అని ఒక్క ముక్కే ఉంది. తయారీదారు రెండూ అచ్చు వేసి ఇచ్చాడు, గోడౌన్‌లో స్కానర్ ఆ లేబుల్‌నే చదివి పెట్టెలో వేస్తోంది, కొనేవాడికి చూపించేటప్పుడు మాత్రం సగం పోతోంది. ఇది ఎవరికీ పట్టని చిన్న వివరం అనుకునేవాళ్ల కోసం కింది సంగతి చెప్తున్నాను.

నెక్స్‌పీరియా అని నెదర్లాండ్స్‌లోని నైమెహెన్ కేంద్రంగా ఒక కంపెనీ ఉంది. డయోడ్లు, ట్రాన్సిస్టర్లు, చిన్న మాస్ఫెట్లు చేస్తుంది, ఎవరూ పేరు గుర్తుపెట్టుకోని పార్టులు, మా ప్రతి బోర్డు మీదా కొన్ని ఉంటాయి. యజమాని చైనా కంపెనీ వింగ్‌టెక్. వింగ్‌టెక్‌ని అమెరికా 2024 డిసెంబర్‌లో ఆంక్షల జాబితాలో పెట్టింది. 2025 సెప్టెంబర్ 29న ఇంకో నియమం తెచ్చింది, జాబితాలోని కంపెనీకి సగం గానీ అంతకన్నా ఎక్కువ గానీ వాటా ఉన్న ఏ అనుబంధ సంస్థకైనా అవే ఆంక్షలు వర్తిస్తాయని. మర్నాడే డచ్ ప్రభుత్వం ఎప్పుడో 1952లో చేసిన చట్టాన్ని బయటికి తీసి నెక్స్‌పీరియా నిర్ణయాల మీద నియంత్రణ తీసుకుంది. అక్టోబర్ 4న చైనా, తన నేల మీదున్న నెక్స్‌పీరియా సరుకు బయటికి పోకుండా ఆపేసింది.

ఇక్కడే వేఫర్‌కీ ప్యాకేజింగ్‌కీ తేడా బయటపడింది. నెక్స్‌పీరియా వేఫర్లు జర్మనీలోని హాంబర్గ్‌లో, ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో తయారవుతాయి. కానీ మొత్తం సరుకులో సుమారు 70 శాతం ప్యాకేజింగ్ జరిగేది చైనాలోని డోంగ్వాన్‌లో. సిలికాన్ యూరప్‌దే, ఫ్యాబ్ యూరప్‌దే, అయినా కాళ్లు తగిలించే పని చైనాలో ఉంది కాబట్టి సరుకు చైనా చేతిలో ఇరుక్కుంది. కొన్ని వారాల్లోనే హోండా మెక్సికో ప్లాంట్ ఆగింది, యూరప్ కార్ల కంపెనీలు లైన్లు ఆగిపోతాయని గగ్గోలు పెట్టాయి. అక్టోబర్ చివర్లో నెక్స్‌పీరియా యూరప్ విభాగం డోంగ్వాన్‌కి వేఫర్లు పంపడం కూడా ఆపేసింది. నవంబర్‌లో చైనా కొన్ని మినహాయింపులు ఇచ్చింది, నవంబర్ 19న డచ్ ప్రభుత్వం తన ఉత్తర్వును పక్కన పెట్టింది, ఆ సగం వాటా నియమాన్ని అమెరికా కూడా ఏడాది పాటు వాయిదా వేసింది, కానీ కంపెనీలోని రెండు ముక్కల మధ్య వేఫర్ల తగాదా ఆ తర్వాత కూడా నడిచింది.

ఆ వారాల్లో ఈ సైట్లో మా పార్టుల స్టాక్ కళ్లముందే కరిగిపోయింది. పొద్దున చూసిన అంకె సాయంత్రానికి ఉండేది కాదు. సున్నా అయ్యాక లీడ్ టైమ్ (కొత్త సరుకు రావడానికి పట్టే సమయం) గడిలో అప్పటికీ పాత వారాల సంఖ్యే కనిపించింది. పైన ఎక్కడా ఒక్క హెచ్చరిక లేదు. ప్రత్యామ్నాయ పార్టులు అని పేజీ కింద చూపిస్తారు కదా, అక్కడ మొదట వచ్చినవి కూడా నెక్స్‌పీరియావే, ప్యాకేజీ రకం మాత్రమే వేరు. ఆ సమయంలో కావాల్సింది ఒక్కటే, చైనాలో ప్యాకేజింగ్ జరగని సమానమైన పార్టులు చూపించు అనే ఫిల్టర్. అది లేదు. మేం కూర్చుని ఒక్కో తయారీదారు డాక్యుమెంట్లు తెరిచి, అసెంబ్లీ సైట్లు ఎక్కడున్నాయో చూసి, ఎక్సెల్‌లో రాసుకున్నాం.

ప్రభుత్వాలు పోస్తున్న డబ్బు దీన్ని మార్చేస్తుంది కదా అనొచ్చు. కొంత మారుస్తోంది. అమెరికా 2022 ఆగస్టు 9న చేసిన చిప్స్ చట్టంలో 5,270 కోట్ల డాలర్లు పెట్టింది, అందులో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌కి 160 కోట్లు దాటి కేటాయించారు, టెక్సాస్‌లోని షెర్మన్‌లో వాళ్ల కొత్త ఫ్యాబ్ 2025 డిసెంబర్‌లో ఉత్పత్తి మొదలుపెట్టింది. జపాన్ డబ్బుతో కుమమోటోలో తైవాన్ చిప్ తయారీ కంపెనీ టీఎస్ఎంసీ ప్లాంట్ 2024 ఫిబ్రవరిలో తెరిచారు, జర్మనీలోని డ్రెస్డెన్‌లో 500 కోట్ల యూరోల సాయంతో ఇంకోటి కడుతున్నారు. ఈ చివరి రెండూ 28, 22, 16, 12 నానోమీటర్ల తరగతి చిప్పుల కోసం, అంటే కార్లు, ఫ్యాక్టరీ పరికరాలు వాడే సరుకు. మాలాంటివాళ్లకు అతి కొత్త 2 నానోమీటర్ల చిప్పుల వార్తలకన్నా ఇవే ముఖ్యం.

కానీ ఈ డబ్బులో ఎక్కువ వాటా వేఫర్ ఫ్యాబ్‌లకే వెళ్లింది, ప్యాకేజింగ్ వెనకబడిపోయింది. టీఎస్ఎంసీ ఆరిజోనా ఫ్యాబ్‌లో 2025 అక్టోబర్‌లో ఎన్విడియా ఏఐ చిప్ బ్లాక్‌వెల్ మొదటి వేఫర్ వచ్చిందని సంబరం చేశారు, ఆ చిప్‌కి కావాల్సిన అడ్వాన్స్‌డ్ ప్యాకేజింగ్ మాత్రం ఇంకా తైవాన్‌లోనే. ఆరిజోనాలోనే అది చేయడానికి ప్యాకేజింగ్ కంపెనీ ఆమ్‌కోర్ కట్టే ప్లాంట్‌కి అదే నెలలో శంకుస్థాపన జరిగింది. అంత పెద్ద చిప్ పరిస్థితే అలా ఉంటే, ఎవరికీ పట్టని డయోడ్ కోసం ఎవరు ప్యాకేజింగ్ లైన్ కడతారు? నెక్స్‌పీరియా గొడవలో తగిలింది ఆ ఖాళీయే.

సుంకాల విషయంలోనూ ఇదే తిరకాసు. 2025 ఏప్రిల్‌లో అమెరికా, చైనా పోటీపడి సుంకాలు పెంచుకుంటున్నప్పుడు, ఏప్రిల్ 11న చైనా సెమీకండక్టర్ పరిశ్రమ సంఘం ఒక నోటీసు ఇచ్చింది: చిప్ ఏ దేశానిదో తేల్చేది వేఫర్ తయారైన చోటును బట్టే, ప్యాకేజింగ్ ఎక్కడ జరిగినా లెక్కలోకి రాదు అని. దాంతో పేరుకు అమెరికా కంపెనీలే అయినా తైవాన్‌లో చేయించుకునే క్వాల్‌కామ్, ఏఎండీ లాంటివాళ్ల చిప్పులు అమెరికావి కాకుండా పోయాయి, సొంతంగా అమెరికాలో వేఫర్లు చేసుకునే కంపెనీల చిప్పులు మలేషియాలో ప్యాక్ అయినా అమెరికా సరుకే అయ్యాయి. సొంత దేశంలో ఫ్యాబ్ కట్టుకోమని ఒక ప్రభుత్వం డబ్బిస్తే, అక్కడే కట్టుకున్నందుకు ఇంకో ప్రభుత్వం సుంకం వేసే పరిస్థితి వచ్చింది. సైట్లోని ఆ ఒంటరి గడి ఈ రెండు పద్ధతుల్లో దేనికి సమాధానమో చెప్పదు. కస్టమ్స్‌లో అడిగితే మేం చూపించగలిగింది రీల్ మీద లేబుల్ ఫొటోయే.

మా బీఓఎమ్‌లో (బోర్డుకి కావాల్సిన పార్టుల జాబితాలో) మారిపోతున్నది ఇంకొకటి ఉంది. 2022 నియంత్రణలు ఆపాలనుకున్నది అత్యాధునిక చిప్పులను. వేఫర్ మీద సర్క్యూట్ ముద్రించే యంత్రాలు చేసే డచ్ కంపెనీ ఏఎస్ఎంఎల్ అత్యాధునిక ఈయూవీ యంత్రాలు చైనాకి అసలు వెళ్లనే లేదు, 2024 నుంచి దానికి ముందు తరమైన డీయూవీ యంత్రాల్లో కొన్నిటికీ లైసెన్స్ కష్టమైంది. పై మెట్టు మూసేస్తే డబ్బు కింది మెట్టుకి పారింది. చైనా 2024 మేలో పెట్టిన మూడో బిగ్ ఫండ్ (చిప్ పరిశ్రమకు సర్కారీ పెట్టుబడి నిధి) ఒక్కటే 34,400 కోట్ల యువాన్లు, కంపెనీలు పాత తరం ఫ్యాబ్‌లు కట్టుకుంటూ పోతున్నాయి. అదంతా వచ్చి పడేది మేం కొనే మైక్రోకంట్రోలర్లు, పవర్ పార్టుల మీదే. ఈ సైట్లో మైక్రోకంట్రోలర్ అని వెతికితే గిగాడివైస్ లాంటి చైనా పేర్లు ఇప్పుడు మొదటి పేజీలోనే వస్తాయి.

దీన్ని ఎదుర్కోవడానికి అమెరికా ప్రభుత్వం చైనా చిప్పుల మీద సుంకాన్ని 2025 జనవరి 1 నుంచి 25 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. యూరప్ చిప్ కంపెనీ ఎస్‌టీ మైక్రో మాత్రం చైనా కస్టమర్ల కోసం తన 40 నానోమీటర్ల మైక్రోకంట్రోలర్లను అక్కడి హువాహోంగ్ ఫ్యాబ్‌లో చేయిస్తానని 2024 నవంబర్‌లో ప్రకటించింది. అంటే ఒకే కుటుంబం చిప్పులకు చైనాలో ఒక వరుస, బయట ఒక వరుస. రెండు సరఫరా గొలుసులు పక్కపక్కనే పెరుగుతున్నాయి, మేం ప్రతి డిజైన్‌లో దేనివైపు నిలబడాలో ముందే తేల్చుకోవాల్సి వస్తోంది.

సైట్ ప్రత్యామ్నాయాల పట్టికలో ఎస్‌టీ మైక్రో మైక్రోకంట్రోలర్ ఎస్‌టీఎమ్32ఎఫ్103కి బదులుగా గిగాడివైస్ జీడీ32ఎఫ్103 చూపిస్తుంది, కాళ్లు సరిపోతాయి కాబట్టి డైరెక్ట్ రీప్లేస్‌మెంట్ అన్న అర్థం వచ్చేలా. కాళ్ల వరకు నిజమే. కానీ ఒకటి 72 మెగాహెర్ట్జ్, ఇంకొకటి 108. జీడీ32లో ఫ్లాష్ మెమరీ వేరే డై (సిలికాన్ ముక్క) మీద ఉంటుంది, కోడ్ నడిచే టైమింగ్ మారిపోతుంది. లూపులతో డిలే లెక్కపెట్టే పాత ఫర్మ్‌వేర్ (చిప్‌లో నడిచే ప్రోగ్రామ్) ఉంటే బోర్డు ఆన్ అవుతుంది గానీ కొలతలు తప్పొస్తాయి, కొలత పరికరంలో అంతకన్నా ప్రమాదం లేదు. చిప్‌గా జీడీ32 మంచిదే, మేం ఒక మోడల్‌లో వాడుతున్నాం కూడా. దాన్ని వేరే డిజైన్‌గా చూసి మళ్లీ టెస్ట్ చేయాలి అని ఆ పట్టికలో ఒక్క లైన్ పెట్టాలి.

పార్ట్ యాక్టివ్‌గా ఉందా, కొత్త డిజైన్లకు వద్దా, ఆగిపోయిందా అని చూపించే గడి పర్వాలేదు, తయారీదారు నోటీస్ రాగానే మారుతుంది. కానీ నోటీసుకి ముందే కంపెనీ పరిస్థితి మారే రోజులివి. సిలికాన్ కార్బైడ్ (పవర్ చిప్పులకు వాడే పదార్థం)లో పెద్ద పేరైన వుల్ఫ్‌స్పీడ్‌కి 75 కోట్ల డాలర్ల సర్కారీ సాయం ఇస్తామని 2024లో ప్రతిపాదించారు, 2025 జూన్ 30న అది దివాలా రక్షణ కోరింది, తర్వాత అప్పులు సర్దుకుని బయటపడింది. మైక్రోచిప్ 2024 డిసెంబర్‌లో ఆరిజోనాలోని టెంపీ ఫ్యాబ్‌ని మూసేస్తున్నట్టు చెప్పి, చిప్స్ చట్టం కింద సాయం కోసం పెట్టుకున్న దరఖాస్తునూ పక్కన పెట్టింది. సాయం ప్రకటించినంత మాత్రాన ఆ పార్ట్ పదేళ్లు దొరుకుతుందని అనుకోవద్దు. ముఖ్యమైన పార్ట్‌కి రెండో కంపెనీ పార్ట్ కూడా కూర్చునేలా బోర్డు మీద చోటు వదలండి.

స్టాక్ అయిపోయినప్పుడు బ్రోకర్ల మెయిళ్లు వెంటనే మొదలవుతాయి, సైట్లో లేని పార్ట్ మా దగ్గర ఉందంటూ. ఆ దారి పట్టకండి. పాత చిప్పుల పైపొర గీకి కొత్త నంబర్ అచ్చువేసిన సరుకు అలాగే వస్తుంది, దానికి లేబులూ ఉండదు, ఏ ఫ్యాబ్‌దో చెప్పేవాడూ ఉండడు, రేపు ఎవరైనా ఎండ్ యూజ్ (చివరి వాడకం) కాగితాలు అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు. ఇన్ని ఫిర్యాదులు రాసి కూడా నేను ఈ డిస్ట్రిబ్యూటర్ దగ్గరే కొనడానికి కారణం అదే. తయారీదారు నుంచి గోడౌన్ దాకా కాగితం తెగకుండా ఉంటుంది.

కస్టమర్ కేర్ గురించి: చాట్‌లో ఉండేవాళ్లు మర్యాదగా మాట్లాడతారు, కానీ కంప్లయన్స్ టీమ్‌తో వాళ్లకీ నేరుగా సంబంధం లేదు, అడిగిన ప్రతిసారీ ఎదురుచూడమనే సమాధానమే. టెక్నికల్ సపోర్ట్ ఇంజనీర్లు మాత్రం నిజంగా తెలిసినవాళ్లు. లేబుల్ ఫొటో కావాలని అడిగితే ఒకాయన గోడౌన్ నుంచి తెప్పించి పంపారు, అది వాళ్ల డ్యూటీ కాకపోయినా.

మార్కులు: సెర్చ్‌కి ఐదుకి ఐదు, ప్యాకింగ్‌కి ఐదు, మామూలు పార్టుల డెలివరీకి నాలుగు. నియంత్రణలో ఉన్న పార్టుల ఆర్డర్ నడిపే తీరుకి రెండు, ఆరిజిన్ సమాచారానికి ఒకటి. వాళ్లకు రాసి పంపిన సూచనలు మూడు: ఫారం కావాల్సిన పార్ట్ అయితే కార్టులోనే చెప్పండి, వేఫర్ దేశం, ప్యాకేజింగ్ దేశం రెండు వేర్వేరు గడుల్లో పెట్టండి, వాటి మీద ఫిల్టర్ ఇవ్వండి. మొదటిదాని మీద పనిచేస్తున్నామని జవాబు వచ్చింది. మిగతా రెండింటి గురించి ఏమీ రాయలేదు, మళ్లీ అడుగుతాను.

వీళ్ల దగ్గర వేగవంతమైన ఏడీసీలు, పెద్ద ఎఫ్‌పీజీఏలు (లోపలి సర్క్యూట్‌ని మనమే ప్రోగ్రామ్ చేసుకునే చిప్పులు) కొనబోయేవాళ్లు మాత్రం ఇది చేయండి. డిజైన్ మొదలుపెట్టిన రోజే పేజీ కిందికి వెళ్లి ఈసీసీఎన్ చూడండి. 3ఏ001 అని ఉంటే స్కీమాటిక్ (సర్క్యూట్ బొమ్మ) గీయకముందే శాంపిల్‌గా ఒకటి రెండు ముక్కలు ఆర్డర్ పెట్టి ఆ ఫారం తతంగం ముగించేయండి. ఫారంలో మీ పరికరం ఏం చేస్తుందో ఒక పేరా స్పష్టంగా రాయండి, ఫొటో ఉంటే జతచేయండి, ఆమోదం వచ్చాక ఆ రిఫరెన్స్ నంబర్ దాచుకోండి. మా రెండో ఆర్డర్‌కి ఆ నంబర్ రాసి పంపితే హోల్డ్ అదే రోజు తీసేశారు.